వసంతమున నెమ్మది ప్రయాణము

ప్రయాణమనగా ఒక చోటు విడిచి మరియొక చోటు చేరుట యని మన విద్యార్థులలో పెక్కుమంది తలంచుచున్నారు. మన యూరివారి కిట్టి యభిప్రాయము కలుగుటలో వింత లేదు. చౌటుప్పలు పెద్దబాటమీది యూరు. హైదరాబాదునుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిమీద పగలనక రాత్రియనక వాహనములు మన కన్నులయెదుట పరుగు లిడుచుండును. అందులోనివారు మనలను చూడరు; మనము వారిని చూడము. సంక్రాంతి పండుగకు ముందు మాత్రము పంతంగి టోలుగేటువద్ద ఆ వాహనములన్నియు బారులు తీరి నిలిచిపోవును. త్వరగా పోవలెనని బయలుదేరినవారే యచట చిక్కుకొని యుసూరుమనుచుందురు. అప్పుడు ఏ కారులోని పిల్లవాడో తల బయటికి పెట్టి, “అమ్మా, ఇది యే యూరు?” అని యడుగును. బండి ఆగినప్పుడు గదా ఆ ప్రశ్న పుట్టినది! ఆ ప్రశ్నయే మా యీ వ్యాసమునకు మూలము.

వసంతకాలమున కాలినడకను మెల్లగా చేయు ప్రయాణమువంటి వినోదము విద్యార్థికి వేరొకటి లేదనియు, అది వినోదము మాత్రమే గాక విద్యలో నొక భాగమనియు మా యభిప్రాయము. దీనిని చదువరులకు మనవి చేయుటకు పూనుకొంటిమి.

మొదట వసంతమును గూర్చి చెప్పవలెను. పంచాంగము ప్రకారము చైత్ర వైశాఖములు వసంత ఋతువు. కాని మన మెరకసీమలో వైశాఖము వచ్చుసరికి ఎండ నిప్పులు చెరుగును. మన వసంతము మాఘమాసము చివరనే తొంగిచూచి, ఉగాది దాటిన కొన్ని దినములకే తరలిపోవు చుట్టము. అందుచేతనే దానిని కనిపెట్టి యుండవలెను. ఆ దినములలో గుట్టలమీది మోదుగుచెట్లు ఒక్క ఆకైన లేకుండ ఎఱ్ఱని పూవులతో నిండి యుండును. ఆ పూవులను మరిగించిన నీటినే మన తాతలు హోళీపండుగనాడు రంగుగా చల్లుకొనిరి. ఊరి బయట బూరుగుచెట్టు పూచును. దానిమీద గోరువంకలును కాకులును సంత చేయును. మామిడిపూత పిందె కట్టును. కానుగ లేత యాకు తొడుగును. వేపపూత వాసన ఉగాదికి ముందే గాలిలో తేలివచ్చును. ఇవన్నియు బస్సు కిటికీలోనుండి చూచిన నొక ఎఱ్ఱగీత, ఒక పచ్చగీత. నడచి చూచిన నొక్కొక్కటి ఒక్కొక్క చెట్టు.

వసంతమున నెమ్మదిగా తిరుగుట ఇతర ఖండములవారికిని ప్రియమైన యలవాటే. ఐరోపాఖండపు దక్షిణభాగమున, అనగా ఇటలీ, స్పెయిన్ మొదలగు దేశములందు, చలి తగ్గి ఎండ ముదురని యా రెండుమూడు నెలలు బాటసారుల కాలము. జర్మను మహాకవి గేటే 1786లో ఇటలీకి బయలుదేరి, 1787 ఏప్రిలు నెలలో సిసిలీ ద్వీపమందలి పాలెర్మో నగరమున నుండెను. అచటి తోటలో తీరికగా తిరుగుచు, మొక్క లన్నిటికిని మూలమైన రూప మొకటి యుండునా యని యాలోచించెను. 1790లో మొక్కల రూపపరిణామమును గూర్చి యొక శాస్త్రగ్రంథమునే ప్రకటించెను. తొందరపడి గుఱ్ఱపుబండిలో ఆ తోటను దాటిపోయియుండిన ఆ యాలోచనకు తావెక్కడ? స్పెయినుదేశమున సాంటియాగో పుణ్యక్షేత్రమునకు నేటికిని జనులు వందల మైళ్లు నడచి పోవుచున్నారు. విమానములును రైళ్లును లేక కాదు. నడకలో దొరకునది వానిలో దొరకదు గనుక.

ఇక మా యనుభవము. కొన్ని యేండ్లక్రిందట మేము విద్యార్థులను బస్సులో విహారయాత్రకు తీసికొనిపోతిమి. కోడికూతవేళ బయలుదేరి, ఒక్క దినములో భువనగిరి కోట, యాదగిరిగుట్ట, కొలనుపాక జైనమందిరము, వరంగల్లులోని వేయిస్తంభముల గుడి, రామప్ప గుడి చూచి, అర్ధరాత్రి దాటిన పిమ్మట ఇల్లు చేరితిమి. మరుసటి వారము వ్యాసము వ్రాయుడని చెప్పితిమి. నలువది మందిలో ముప్పదిమంది బస్సులో పాడిన పాటలను గూర్చియు, త్రోవలో తిన్న పులిహోరను గూర్చియు వ్రాసిరి. ఒక బాలుడు రామప్ప గుడి భువనగిరి గుట్టమీద నున్నదని వ్రాసెను! మేము మొదట నవ్వితిమి, పిదప సిగ్గుపడితిమి. తప్పు వానిది కాదు. పది గడియలలో అయిదు శతాబ్దములను త్రిప్పి చూపిన మాదే తప్పు.

ఆ సిగ్గువలననే గత సంవత్సరము శివరాత్రి సెలవులు కలిసివచ్చునట్లు చూచుకొని, మూడు దినముల కాలినడక నేర్పాటు చేసితిమి. ఇరువదిమంది బాలబాలికలు, ముగ్గురు ఉపాధ్యాయులు. పుట్టపాకలో ఆగి, నారాయణపురమున రాత్రి గడిపి, రాచకొండ చూచి మరలి వచ్చుట మా సంకల్పము. సామానులకు ఒక ఎడ్లబండి కావలసివచ్చెను. ట్రాక్టరులు కావలసినన్ని యున్నవి గాని ఎడ్లబండి దొరకుటయే కష్టమాయెను. చివరకు ఒక ముదుసలి రైతు తన బండి కట్టుటకు సమ్మతించెను. త్రోవలో ప్రతి యూరివారును మమ్ము నిలిపి, “ఏంది సారూ, బస్సు చెడిపోయిందా?” అని జాలిగా అడుగువారే! “లేదు, కావలెననియే నడచుచున్నాము” అనిన, వారు మావంక అనుమానముగా చూచి, వెంటనే కూర్చుండుటకు గద్దె చూపి, త్రాగుటకు సల్ల తెచ్చి యిచ్చువారు. నడచువానిని ప్రజలు నమ్ముదురని మాకు మొదటి దినముననే తెలిసినది.

పుట్టపాక చిన్న యూరు. పేరు మాత్రము పెద్దది. అచటి నేతవారి తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ యూరివారైన గజం గోవర్ధన, గజం అంజయ్య గారలు పద్మశ్రీ బిరుదమును పొందిరి. మన పిల్లలలో కొందరి పెదతండ్రులు, మేనమామలు ఆ పరిసరములలో మగ్గము నేయువారే. అయినను రుమాలు పుట్టు విధము నెన్నడును నిలిచి చూచినవారు కారు. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలోను మరల మరల తడిపి, పిసికి, ఎండబెట్టుదురు. ఒకటి రెండు నాళ్లలో ముగియు పని కాదది. తరువాత చిటికి కట్టుట, అనగా రంగు అంటరాని చోట నూలును బిగించి కట్టుట. పిమ్మట రంగు అద్దుట. ఆ తరువాతనే మగ్గ మెక్కించుట. ఎఱుపు, నలుపు, తెలుపు అను మూడు రంగులే. నూనె సంగతి మాత్రము బట్ట తన వాసనచేత చాలకాలము చెప్పుచునే యుండును. ఒక బాలిక ఆ బట్టను వాసన చూచి, “మా నాయనమ్మ పెట్టెలో ఇదే వాసన!” అని కేక వేసినది. ఆమెకు తన యింటి పెట్టె ఆ దినమున తెరచుకొన్నది.

రెండవనాటి ఉదయమున రాచకొండ గుట్టలు చేరితిమి. పదునాలుగవ శతాబ్దమున రేచర్ల పద్మనాయకులు ఏలిన రాజధాని యిది. రసార్ణవసుధాకరమను సంస్కృత అలంకారగ్రంథమును రచించిన సర్వజ్ఞ సింగభూపాలు డీ వంశమువాడే. సున్నము లేకుండ పెద్ద బండలను ఒకదానిమీద నొకటి పేర్చి కట్టిన గోడలను పిల్లలు చేతులతో తడవి చూచిరి. ఎండ ముదురకముందే కోట యెక్కి, ఒక చెట్టునీడను సద్దిమూటలు విప్పితిమి. ఎవరికిని తొందర లేదు. చుట్టును మోదుగు పూచిన గుట్టలు. పాఠములో నాలుగు పంక్తులుగా చదివిన రాజ్యమిది. దాని నీడలో కూర్చుండి జొన్నరొట్టె తిన్నవాడు ఆ పంక్తులను మరచునా?

అయినను ఆ యాత్రలో మాకు మరపురానిది కోట కాదు. త్రోవలోని యొక పల్లెలో నీళ్లకొఱకు ఆగితిమి. అరుగుమీద నడుము పూర్తిగా వంగిపోయి, మెడ త్రిప్పలేక, మోకాళ్లు బిగుసుకొనిపోయిన యొక తాత కూర్చుండి యున్నాడు. ఒక విద్యార్థి, “తాతా, పడ్డవా?” అని యడిగెను. తాత నవ్వి, “పడలేదు బిడ్డా, నీళ్లు తాగిన” అనెను.

ఆ విద్యార్థికి మొదట అర్థము కాలేదు. అర్థమైన పిదప మాట రాలేదు. మన నల్లగొండసీమలో, అందును మునుగోడు, మర్రిగూడ ప్రాంతములలో, భూగర్భజలమున ఫ్లోరైడు హెచ్చుగా నున్నదని మన మందరము విన్నదే. మన నేలక్రింది నల్లరాతిపొరలలోని ఖనిజములనుండి అది నీటిలో కరగును. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించినది. అంతకు మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగినవారికి పండ్లు గారలు పట్టును. ఎముకలు గట్టిపడి, కీళ్లు బిగిసి, నడుములు వంగును. ఈ సంగతి పిల్లలు విజ్ఞానశాస్త్ర పుస్తకమున చదివిరి. ప్రశ్న యడిగిన ఆ బాలుడు పరీక్షలో దానికి పూర్తి మార్కులు తెచ్చుకొన్నవాడే. కాని ఆ పాఠము తనకు ఒక పూట నడకదూరమున అరుగుమీద కూర్చుండి యున్నదని వానికి తెలియదు. 2015లో మిషన్ భగీరథ పథకమునకు గుర్తుగా పైలాను నిలిపినది మన చౌటుప్పలులోనే. దానిముందుగా మనము దినమును పోవుచున్నాము. అది యెందుకు మన యూరనే నిలిచినదో ఆ తాతను చూచిన పిదపనే మా పిల్లలు అడిగిరి. శుద్ధిచేసిన నదీజలము పల్లెలకు వచ్చినది. ఇక పుట్టెడి పిల్లల నడుములు నిలువుగా నుండునని మన యాశ. వంగిన నడుములు మాత్రము మరల నిలువవు. ఆ బాలుడు తిరుగు త్రోవ పొడుగునను మౌనముగా నడచినాడు. వాని మౌనము కూడ విద్యయే యని మేము తలంచితిమి.

నెమ్మదిగా పోవువానికి దేశము తన రహస్యములను చెప్పుననుటకు మన తెలుగువారి చరిత్రలోనే గొప్ప సాక్ష్యము లున్నవి. మద్రాసు సుప్రీం కోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదిన బయలుదేరి, కడప, కర్నూలు, పాలమూరు సీమలమీదుగా హైదరాబాదు చేరి, అచటినుండి కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదిన మద్రాసునకు మరలి వచ్చెను. త్రోవపొడుగునను ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఏ యూర ఏమి దొరకును, ఎచటి దారి రాతిదారి యని ఆయన వ్రాసికొనుచు పోయెను. అదియే కాశీయాత్రచరిత్ర. నేడు కాశికి విమానములో కొన్ని గంటలలో పోవచ్చును. పోయివచ్చినవారిలో నీటి రుచిని గూర్చి వ్రాసినవా రెందరు?

అంతకంటెను గొప్ప సాక్ష్యము మన పొరుగుననే యున్నది. 1951 వసంతమున ఆచార్య వినోబా భావే గారు వార్ధా ప్రాంతమునుండి నడచి, హైదరాబాదు చేరువ శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనమునకు వచ్చిరి. అది తెలంగాణమున రైతుల సాయుధపోరాటము ఇంకను చల్లారని కాలము. సమ్మేళనము ముగిసినవెంటనే వారు వచ్చినత్రోవను మరలిపోలేదు. మన పల్లెలలోనికి నడచిరి. ఏప్రిలు 18వ తేదిన, చైత్రమాసమున, పోచంపల్లి చేరిరి. ఆ యూరి హరిజనవాడలో కూర్చుండి, మీకేమి కావలెనని యడిగిరి. బ్రతుకుటకు ఎనుబది యెకరముల భూమి కావలెనని వారనిరి. ఈ భూమి నిచ్చువారెవరైన నున్నారా యని వినోబాగారు ఊరివారి నడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూరెకరము లిచ్చెదననిరి. భూదానోద్యమ మట్లు పుట్టినది. ఆ యూరికి భూదాన పోచంపల్లి యను పేరు నిలిచినది. దానముగా వచ్చిన భూములన్నియు పేదలకు చేరలేదన్న మాటయు నిజమే. చరిత్రను చెప్పునపుడు దానినికూడ చెప్పవలెను. కాని మా ప్రశ్న వేరు. వినోబాగారు ఆ దినమున మోటారుకారులో వచ్చియుండిన ఏమగును? పూలమాల వేయించుకొని, అర్ధగంట మాటలాడి, మరియొక యూరికి పోయియుందురు. నడచి వచ్చినవాడు ఆ పూట అచట నిలువక తప్పదు. నిలిచినవాని కొకరు తమ కష్టమును చెప్పుకొందురు. చరిత్ర ఆ నిలుచుటలో పుట్టినది.

అదే పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటకసంస్థ ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా ఎన్నుకొని, డిసెంబరు 2వ తేదిన స్పెయిన్ రాజధానియైన మాడ్రిడ్ నగరమున సత్కరించినది. దక్షిణ ఐరోపాలో దాని పేరు చదివిరి. మన తరగతిలో ఎందరు దానిని చూచిరని మేము అడుగగా, చేయి యెత్తినవారు తొమ్మిదిమంది. వారిలో ఆరుగురు పెండ్లిచీరలు కొనుటకు పోయినవారు!

ఇచట నొక యాక్షేపణ వచ్చును. “నెమ్మది నింతగా పొగడుచున్నారే, వేగము చెడ్డదా?” యని. మేమట్లనలేదు. చీర నేయుటకు ముందు నూలును ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగా నున్న మేకులచుట్టు చేయిని వేలమార్లు త్రిప్పుచు దారమును చుట్టుపని యది. ఇంటి ఆడువారి భుజములు పడిపోవు పని. తన తల్లి పడు ఆ బాధను చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు ఆసుయంత్రమును నిర్మించిరి. అందులకు 2017లో వారికి పద్మశ్రీ వచ్చినది. ఆ వేగము ధన్యమైనది. నొప్పిని తగ్గించు వేగము మనకు కావలయును. రోగిని ఆసుపత్రికి చేర్చు వేగమును కావలయును. కాని చూడ్కిని తగ్గించు వేగముతో జాగ్రత్తగా నుండవలెను. మల్లేశముగారికిని ఆ యంత్రపు తలంపు కలిగినది తల్లి చేతిని ఏండ్లతరబడి చూచుటవలననే గదా.

“పరీక్షలు దగ్గరపడినపుడు ఈ తిరుగుళ్లేల?” యని తల్లిదండ్రులు కొందరు మమ్మడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. మార్చినెల నడుమ ఒంటిపూట బడులు మొదలగును. ఆ వెంటనే పరీక్షలు. అందుచేత మాఘమాసపు చివర మూడు దినములే చాలునని మా సూచన. పదవ తరగతివారిని విడిచి, ఎనిమిది, తొమ్మిది తరగతులవారిని తీసికొనిపోవచ్చును. “ఎండదెబ్బ తగులదా?” యనిన, సూర్యోదయమునకు ముందు బయలుదేరి, మొదటి జాము ముగియుసరికి నీడ చేరవలెను, మరల ప్రొద్దు వాలిన పిదప నడువవలెను. పెద్దబాట నడువరాదు, వాహనముల వేగము ప్రాణాపాయము. చెలకల గట్లమీది బాటలు, బండ్లబాటలు మనకు చాలును. బాలికలతో ఉపాధ్యాయిని యుండవలెను. రాత్రి బస ముందుగా ఆ యూరి బడిలో కుదుర్చుకొనవలెను. వ్యయమందురా? బస్సు కిరాయిలో నాలుగవవంతు కాలేదు. మిగిలిన సొమ్ముతో గ్రంథాలయమునకు పుస్తకములు కొంటిమి.

కనుక మా మనవి యిది. ప్రతి సంవత్సరము వసంతారంభమున మన పాఠశాల ఒక కాలినడక యాత్రను నియమముగా పెట్టుకొనవలెను. ఒక యేడు రాచకొండ, ఒక యేడు పోచంపల్లి, మరియొక యేడు భువనగిరి. ప్రతి విద్యార్థియు ఒక చిన్న పుస్తకము వెంట నుంచుకొని, త్రోవలో చూచిన చెట్టు, త్రాగిన నీరు, మాటలాడిన మనిషి యను మూటిని వ్రాసికొనవలెను. ఆ వ్రాతలనుండి మంచివి యేరి ఈ పత్రికలో ప్రకటింపవలెను. పది సంవత్సరములు గడచునప్పటికి మన చుట్టుపట్ల పల్లెల చరిత్ర మన పిల్లల చేతివ్రాతలోనే సిద్ధమగును.

మన విద్యార్థులు ఎల్లప్పుడు ఇచటనే యుండువారు కారు. కొందరు హైదరాబాదునకు, కొందరు విజయవాడకు, కొందరు సముద్రములు దాటి పోవుదురు. పోవుటను మేము వారింపము. పోయి గొప్పవారు కావలెననియే కోరుదుము. కాని దూరదేశమున ఎవరైన, “మీ యూరు ఎట్లుండును?” అని యడిగినపుడు, “పెద్దబాటమీద నుండును” అని మాత్రము చెప్పి యూరకుండవలసిన గతి వారికి పట్టరాదు. మోదుగుపూవుల రంగు, నూనె వాసనగల రుమాలు, సున్నములేని కోటగోడ, నీళ్లు త్రాగి వంగిన తాత, ఇవన్నియు వారి నోట రావలెను. అట్లు రావలెననిన నొకమారైన అవన్నియు వారి పాదములక్రిందుగా మెల్లగా నడచి పోవలెను.

ఈ సంవత్సరము మోదుగు మరల మొగ్గ తొడిగినది. ఎడ్లబండి ముదుసలిని మొన్న సంతలో చూచితిమి. “ఈసారి ఎప్పుడు సారూ?” అని ఆయనయే అడిగెను.